మీ పేరు మీద క్లినిక్‌కి ఎంత వస్తోంది? అమెరికాలో పీఏలు జీతం అడిగే ముందు వేసుకోవాల్సిన లెక్క

అమెరికాలో ఫిజీషియన్ అసిస్టెంట్‌గా (పీఏగా) పనిచేసేవాళ్ళు జీతం పెంచమని అడిగేటప్పుడు ఎక్కువగా చెప్పే మాట ఒకటే: "బయట ఇంకా ఎక్కువ ఇస్తున్నారు." మేనేజర్ దగ్గర సిద్ధంగా ఉండే జవాబూ ఒకటే: "ఈ ఏడాది బడ్జెట్ లేదు." మూడు శాతం పెంపుతో బయటికి వస్తారు. నేను ఉండేది బిల్లింగ్ వైపు. ఏ పీఏ పేరు మీద ఎంత డబ్బు వచ్చిందో మా స్క్రీన్ మీద కనిపిస్తూనే ఉంటుంది. ఆ అంకె అడిగి చూసుకున్న పీఏలు మాత్రం చాలా తక్కువ. ఆ అంకెను ఎలా తెప్పించుకోవాలో, దాన్ని పట్టుకుని ఎలా మాట్లాడాలో ఇక్కడ చెబుతాను.

ఈ ఉద్యోగం గురించి తెలియనివాళ్ళకు రెండు మాటలు. పీఏ డాక్టర్ కాదు, నర్సూ కాదు. రోగిని చూస్తారు, పరీక్షలు, మందులు రాస్తారు, ఆపరేషన్‌లో సర్జన్ పక్కన నిలబడతారు. 1965లో డ్యూక్ యూనివర్సిటీలో నేవీలో పనిచేసి వచ్చిన వైద్య సహాయకులతో ఈ కోర్సు మొదలైంది. ఇండియాలో ఎంబీబీఎస్ చేసివచ్చినా నేరుగా పీఏ కాలేరు. ఇక్కడ గుర్తింపు ఉన్న కోర్సు, సాధారణంగా 27 నెలలది, పూర్తిచేసి పాన్స్ అనే పీఏ అర్హత పరీక్ష రాయాల్సిందే. 2024 మేలో అమెరికా కార్మిక గణాంకాల శాఖ లెక్క ప్రకారం పీఏల మధ్యస్థ వార్షిక జీతం 1,33,260 డాలర్లు. సగంమందికి అంతకంటే తక్కువే వస్తోందన్నమాట.

1. ముందు రిపోర్ట్ తెప్పించుకోండి

మీటింగ్ అడగొద్దు, జీతం ఊసెత్తొద్దు. బిల్లింగ్ మేనేజర్‌కు ఒక చిన్న ఈమెయిల్ పెట్టండి: "గత 12 నెలల్లో నేను చూసిన విజిట్ల రిపోర్ట్ కావాలి. సీపీటీ కోడ్ వారీగా ఎన్ని, వర్క్ ఆర్‌వీయూలు ఎన్ని, ఎంత ఛార్జ్ చేశారు, ఎంత వసూలైంది, ఎన్ని డినై అయ్యాయి. బిల్ ఎవరి పేరు మీద వెళ్ళిందన్నది కాకుండా, రోగిని ఎవరు చూశారన్న దాన్నిబట్టి తీసి పంపగలరా?" ఆ చివరి వాక్యమే అన్నిటికంటే ముఖ్యం. ఎందుకో తర్వాతి మెట్టులో తెలుస్తుంది. సీపీటీ కోడ్ అంటే ఒక్కో వైద్య సేవకు బిల్లింగ్‌లో వాడే నంబర్, డినై అంటే ఇన్సూరెన్స్ కాదన్న బిల్.

వచ్చే రిపోర్ట్‌లో మూడు రకాల అంకెలు ఉంటాయి. మొదటిది ఛార్జీలు. ఇవి చీర మీద అంటించిన రేటు లాంటివి, ఆ ధరకు ఎవరూ కొనరు. "నేను తొమ్మిది లక్షలు బిల్ చేశాను" అని మేనేజర్ ముందు అంటే ఆయన లోలోపల నవ్వుకుంటాడు. రెండోది వసూళ్ళు, అంటే నిజంగా చేతికొచ్చిన డబ్బు. ఇది మీ పని మీద మాత్రమే కాదు, మీ దగ్గరికొచ్చే రోగుల ఇన్సూరెన్స్ మీద కూడా ఆధారపడుతుంది. మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్) రోగుల్నే ఎక్కువగా మీ దగ్గరికి పంపిస్తుంటే వసూళ్ళు తగ్గుతాయి, అందులో మీ తప్పేమీ లేదు. మూడోది వర్క్ ఆర్‌వీయూ, అంటే పని బరువును కొలిచే యూనిట్. రోగి జేబులో ఏ కార్డు ఉన్నా ఇది మారదు. పాత రోగి మామూలు విజిట్ కోడ్ 99213కి 1.30, కాస్త క్లిష్టమైన విజిట్ కోడ్ 99214కి 1.92.

హైదరాబాద్‌లో నైట్ షిఫ్టుల్లో అమెరికా మెడికల్ కోడింగ్ చేసేవాళ్ళకు ఈ కోడ్లు నిద్రలో కూడా గుర్తుంటాయి. ఇంట్లో అలాంటివాళ్ళు ఉంటే రిపోర్ట్ ఎలా చదవాలో అరగంటలో చెప్పేస్తారు. రోగుల పేర్లు, వివరాలు ఉన్న కాగితాలు మాత్రం క్లినిక్ దాటించొద్దు, మొత్తాలు చాలు.

మెడికేర్‌లో, అంటే ముఖ్యంగా 65 దాటినవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్‌లో, ఇంకో మెలిక ఉంది. అదే పని డాక్టర్ చేస్తే వంద శాతం, పీఏ పేరు మీద బిల్ వెళ్తే 85 శాతం ఇస్తుంది. 2025లో 99214కి డాక్టర్ పేరు మీద సుమారు 125 డాలర్లు వస్తే, పీఏ పేరు మీద 106 దాకా వస్తుంది. ప్రైవేట్ ఇన్సూరెన్స్‌లలో ఒక్కొక్కరిది ఒక్కో రూలు. కొన్ని చోట్ల యాజమాన్యం మీ వర్క్ ఆర్‌వీయూలను కూడా 85 శాతానికి కోసేస్తుంది. మీరు పెట్టిన శ్రమ పదిహేను శాతం తగ్గలేదు కదా. మీ రిపోర్ట్‌లో అలా కోశారో లేదో అడిగి తెలుసుకోండి.

2. మీరు చేసినా మీ పేరు మీద కనపడని పని

పీఏలు నష్టపోయేది ఎక్కువగా ఇక్కడే. అందుకే ఈ మెట్టు దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చోండి.

మొదటిది "ఇన్సిడెంట్ టు" బిల్లింగ్. ఆఫీస్ క్లినిక్‌లో, డాక్టర్ ముందే చూసి చికిత్స నిర్ణయించిన పాత రోగిని, డాక్టర్ ప్రత్యక్ష పర్యవేక్షణలో మీరు చూస్తే, ఆ బిల్‌ని డాక్టర్ ఎన్‌పీఐ (బిల్లింగ్‌లో వాడే గుర్తింపు నంబర్) మీద పంపి వంద శాతం తెచ్చుకోవచ్చు. కొత్త రోగికి ఇది కుదరదు, పాత రోగి కొత్త సమస్యతో వచ్చినా కుదరదు. క్లినిక్‌కి పూర్తి ఫీజులో పదిహేను శాతం అదనంగా వస్తుంది, బాగానే ఉంది. కానీ ఆ విజిట్ కంప్యూటర్‌లో డాక్టర్ ఖాతాలో పడుతుంది. పని మీది, పద్దు ఆయనది.

దీనివల్ల బోనస్ ఎలా ఆవిరైపోతుందో ఒక లెక్కలో చూద్దాం. రోజుకు 18 మంది, వారానికి నాలుగు రోజులు, ఏడాదికి 46 వారాలు. మొత్తం 3,312 విజిట్లు. సగం 99213, సగం 99214 అనుకుంటే సగటు 1.61. అంటే ఏడాదికి 5,332 వర్క్ ఆర్‌వీయూలు. మీ కాంట్రాక్టులో 4,500 దాటాక ప్రతి యూనిట్‌కి 25 డాలర్ల బోనస్ అని ఉందనుకోండి. 832 యూనిట్లు దాటారు కాబట్టి 20,800 డాలర్లు రావాలి. ఇప్పుడు మీ విజిట్లలో నాలుగో వంతు డాక్టర్ పేరు మీద వెళ్ళిందనుకోండి. మీ ఖాతాలో మిగిలేది 3,999. బోనస్ మొదలయ్యే 4,500 గడప దగ్గరికి కూడా రాలేదు, బోనస్ సున్నా. మీరు ఒక్క రోగిని కూడా తక్కువ చూడలేదు.

రెండోది ఆసుపత్రిలో స్ప్లిట్ లేదా షేర్డ్ విజిట్లు. ఒకే రోగిని ఒకే రోజు మీరూ డాక్టరూ చూస్తే, మొత్తం సమయంలో సగానికి పైగా వెచ్చించినవాళ్ళ పేరు మీద గానీ, వైద్య నిర్ణయంలో ముఖ్యభాగం చేసినవాళ్ళ పేరు మీద గానీ బిల్ వెళ్ళాలని 2024 నుంచి మెడికేర్ నిబంధన. మీరు 40 నిమిషాలు కూర్చుని నోట్ అంతా రాసి, డాక్టర్ తలుపు దగ్గర నిలబడి రెండు మాటలు అడిగి వెళ్ళిపోతే, ఆ బిల్ ఎవరి పేరు మీద వెళ్ళిందో చూసుకోండి.

మూడోది సర్జరీ విభాగంలో ఉన్నవాళ్ళకు. పెద్ద ఆపరేషన్‌కి మెడికేర్ ఇచ్చే ఫీజులోనే ఆ తర్వాతి 90 రోజుల మామూలు చెకప్‌లు కలిసి ఉంటాయి. దాన్నే గ్లోబల్ అంటారు. ఆ చెకప్‌లు ఎవరు చేస్తారు? మీరే. కుట్లు విప్పడం, గాయం చూడడం, "మోకాలు ఇంకా వంగట్లేదు" అని కంగారుపడే పెద్దాయనకు ధైర్యం చెప్పడం, అన్నీ 99024 అనే కోడ్ కింద పడతాయి. దాని విలువ సున్నా డాలర్లు, సున్నా ఆర్‌వీయూలు. సర్జన్‌కి వచ్చిన ఫీజులో ఆ పనికి కట్టిన విలువ ముందే ఉంది. పూటకు 12 మంది చొప్పున వారానికి రెండు పూటలు ఇవే చూస్తుంటే, ఒక్కోదాన్ని 99213తో సమానంగా లెక్కేసినా ఏడాదికి 1,435 వర్క్ ఆర్‌వీయూల పని. రిపోర్ట్ ప్రకారం ఆ రెండు పూటలూ మీరు ఖాళీగా ఉన్నట్టే. ఆ సమయంలో సర్జన్ కొత్త రోగుల్ని చూసుకుంటూనో, థియేటర్‌లో ఇంకో ఆపరేషన్ చేస్తూనో ఉంటాడు. మీవల్ల క్లినిక్‌కి వచ్చే అసలు ఆదాయం అదే. మీ పేరు మాత్రం ఎక్కడా ఉండదు. అందుకే 99024లు ఎన్ని చేశారో లెక్క తప్పకుండా అడగండి.

ఆపరేషన్‌లో అసిస్ట్ చేస్తే మాత్రం బిల్ విడిగా వెళ్తుంది, ఏఎస్ మాడిఫైయర్‌తో (కోడ్ పక్కన పెట్టే గుర్తు). అసిస్ట్ చేసిన డాక్టర్‌కి మెడికేర్ సర్జరీ ఫీజులో 16 శాతం ఇస్తే, పీఏకి అందులో 85 శాతం, అంటే 13.6 శాతం. 1,200 డాలర్ల సర్జరీకి 163 డాలర్లు. అన్ని ఆపరేషన్లకూ అసిస్టెంట్ ఫీజు ఉండదు. బోధనాసుపత్రుల్లో రెసిడెంట్ (శిక్షణలో ఉన్న డాక్టర్) అందుబాటులో ఉంటే సాధారణంగా ఇవ్వరు.

ఒక హెచ్చరిక. లెక్క పెంచుకోవడానికి 99213 అవ్వాల్సినదాన్ని 99214గా రాయకండి. ఆడిట్‌లో దొరికితే నోట్ మీద సంతకం మీదే. అలాగే నిబంధనలకు విరుద్ధంగా ఇన్సిడెంట్ టు బిల్లింగ్ జరుగుతోందని తెలిస్తే నిబంధనల అమలు చూసే కంప్లయెన్స్ వాళ్ళకు చెప్పండి. దాన్ని జీతం పెంచుకోవడానికి బెదిరింపుగా వాడకండి. ఆ రెండూ కలిపితే మీరే ఇరుక్కుంటారు.

3. ఖర్చు వైపు కూడా నిజాయితీగా చూడండి

"నేను మూడు లక్షలు తెస్తున్నాను, నాకు లక్షా ఇరవై ఐదు వేలే ఇస్తున్నారు" అన్న వాదన వినడానికి బాగుంటుంది, లెక్క దగ్గర నిలబడదు. పై ఉదాహరణే తీసుకుందాం. విజిట్‌కి సగటున వంద డాలర్లు వసూలైతే 3,31,200 వస్తాయి. అద్దె, ఫ్రంట్ డెస్క్, మెడికల్ అసిస్టెంట్, సాఫ్ట్‌వేర్, బిల్లింగ్ అన్నీ కలిపి సగం పోయిందనుకుంటే మిగిలేది 1,65,600. మీ జీతం 1,25,000కి యజమాని కట్టే పన్నులు, ఇన్సూరెన్స్, రిటైర్‌మెంట్ కలిపితే దాదాపు 1,55,000. చివరికి మిగిలేది 10,600. ఇందులోంచి 20,000 పెంచమని అడిగితే ఎవరూ ఇవ్వలేరు.

కానీ ఆ "సగం" అన్న మాటను అలాగే ఒప్పుకోకండి. రెండు ప్రశ్నలు వేయండి. ఒకటి: ఆ ఓవర్‌హెడ్‌లో (క్లినిక్ నడిపే ఖర్చులో) మీ జీతం ముందే కలిసి ఉందా? కొన్ని క్లినిక్‌లు డాక్టర్ల జీతాలు తప్ప మిగతా అన్ని జీతాలనూ ఓవర్‌హెడ్ కింద రాసేస్తాయి. అలాంటప్పుడు మీ ఖర్చును రెండుసార్లు తీసేస్తున్నట్టే. రెండు: మీరు ఇంకో నలుగుర్ని చూస్తే అద్దె పెరుగుతుందా? పెరగదు. రోజుకు 22 మందిని చూస్తే ఏడాదికి 736 విజిట్లు, 73,600 డాలర్లు అదనం. వాటికి నిజంగా పెరిగే ఖర్చు ఐదో వంతు అనుకుంటే, 58,000 పైచిలుకు క్లినిక్‌కి మిగులుతుంది. మాట్లాడాల్సింది ఈ మిగులు గురించి. నా లెక్కలో అందులో మూడో వంతు నుంచి సగం దాకా అడగడం న్యాయం. సూపర్‌విజన్ కోసం డాక్టర్‌కి విడిగా ఏమైనా ఇస్తుంటే అది కూడా తీసేసి చూడండి, లేకపోతే మీటింగ్‌లో వాళ్ళే తీస్తారు.

లెక్క మీకు వ్యతిరేకంగా వచ్చిందా? అదీ తెలిసినట్టే. అప్పుడు జీతం జోలికి పోకుండా షెడ్యూల్ గురించి మాట్లాడండి. ఖాళీ స్లాట్లు ఎందుకు మిగిలిపోతున్నాయి, కొత్త రోగులు మీ దగ్గరికి ఎందుకు రావట్లేదు అని. వసూళ్ళు పెరిగే దారి మీ చేతుల్లో లేకుండా వసూళ్ళ మీద జీతం కట్టడం ఎవరికీ కుదరదు.

4. బయటి రేటు

దీని మీద ఎక్కువ టైమ్ పెట్టక్కర్లేదు. పీఏల జాతీయ సంఘం ఏఏపీఏ (AAPA) ఏటా శాలరీ రిపోర్ట్ తెస్తుంది, అందులో రాష్ట్రం, స్పెషాలిటీ, అనుభవం వారీగా చూసుకోవచ్చు. కొలరాడో, కాలిఫోర్నియా, వాషింగ్టన్, న్యూయార్క్, ఇల్లినాయ్, న్యూజెర్సీ లాంటి రాష్ట్రాల్లో ఉద్యోగ ప్రకటనలో జీతం రేంజ్ రాయాలని చట్టాలున్నాయి. మీ ఊళ్ళో మీ స్పెషాలిటీ ప్రకటనలు ఓ పది చదివితే చాలు.

తోటివాళ్ళను కూడా అడగండి. ప్రైవేట్ రంగంలో సూపర్‌వైజర్లు కాని ఉద్యోగులు జీతాల గురించి మాట్లాడుకోవడం జాతీయ కార్మిక సంబంధాల చట్టం కింద హక్కు. "జీతం ఎవరికీ చెప్పొద్దు" అని హెచ్‌ఆర్ చెప్పినా ఆ రూలు చెల్లదు. మనవాళ్ళ పార్టీల్లో ఇంటి ధర, కారు ధర, పిల్లల మార్కులు అన్నీ అడుగుతారు, జీతం దగ్గరికొచ్చేసరికి గుమ్మనంగా ఉంటారు. పీఏ స్నేహితుల మధ్యనైనా ఆ మొహమాటం వదిలేయండి.

5. ఏం అడగాలి

పీఏలు చాలామంది జీతం పెంపు మాత్రమే అడుగుతారు. నా సలహా: బేస్ జీతం బయటి రేటుకి దగ్గరగా ఉంటే దాన్ని వదిలేసి, బోనస్ క్లాజ్ మీద పట్టుబట్టండి. పని పెరిగితే డబ్బు దానంతట అదే పెరిగే ఏర్పాటు ఒకసారి రాయించుకుంటే ఏటా బతిమాలుకోవాల్సిన పని ఉండదు.

క్లాజ్‌లో ఉండాల్సినవి: గడప ఎంత, గడప దాటాక రేటు ఎంత, లెక్క వసూళ్ళ మీదా ఆర్‌వీయూల మీదా, ఎన్ని నెలలకోసారి చెల్లిస్తారు, నెలనెలా రిపోర్ట్ మీకు ఇస్తారా, మధ్యలో ఉద్యోగం మానేస్తే అప్పటిదాకా సంపాదించిన బోనస్ ఇస్తారా. వీటన్నిటి కంటే ముఖ్యమైన వాక్యం ఒకటుంది, దాన్ని మీ మాటల్లో రాసి లాయర్‌కి చూపించండి: "బిల్ ఎవరి ఎన్‌పీఐ మీద వెళ్ళినా, పీఏ స్వయంగా చేసిన సేవలన్నీ పీఏ ఖాతాలోనే లెక్కిస్తారు. గ్లోబల్‌లో చేసిన చెకప్‌లకు విజిట్‌కి ఇన్ని యూనిట్లు కలుపుతారు." పైన 20,800 డాలర్లు సున్నా అయింది ఈ వాక్యం లేకే.

ఐసీయూలోనో, రాత్రి డ్యూటీలోనో ఉన్నవాళ్ళకు ఈ పద్ధతి సరిపోదు. రోగి రాకపోయినా మీరు అక్కడ ఉండాల్సిందే. అలాంటివాళ్ళు ఆర్‌వీయూ బోనస్ అడక్కండి, గంటల రేటు, నైట్ డిఫరెన్షియల్ (రాత్రి డ్యూటీకి అదనపు డబ్బు), ఆన్‌కాల్ డబ్బు అడగండి.

6. కూర్చుని మాట్లాడటం

పెద్ద ఆసుపత్రిలో అయితే హెచ్‌ఆర్ కంటే ముందు మీ డాక్టర్‌తో మాట్లాడండి. మీరు లేకపోతే రోజు ఎలా గడుస్తుందో తెలిసింది ఆయనకే. ఒకే పేజీ తీసుకెళ్ళండి: విజిట్లు, ఆర్‌వీయూలు, వసూళ్ళు, మీ పేరు మీద కనపడని పని, మీరు అడుగుతున్నది. కష్టసుఖాలు, ఇంటి లోన్, డేకేర్ ఖర్చు ఆ పేజీలో వద్దు.

మాట ఇలా మొదలుపెట్టొచ్చు: "డాక్టర్ గారూ, గత ఏడాది నేను చూసినవి 3,312 విజిట్లు. అందులో నాలుగో వంతు మీ పేరు మీద బిల్ అయ్యాయి, అది క్లినిక్‌కి మంచిదే. కానీ నా బోనస్ లెక్కలోకి అవి రాలేదు. వాటిని కలిపి లెక్కేసేలా కాంట్రాక్టు మారుద్దామా?" ఇక ఆగండి. నిశ్శబ్దం ఇబ్బందిగా అనిపించి "పర్లేదులెండి, మీకు వీలైనప్పుడే" అనేస్తాం మనం. అనొద్దు.

డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో మనవాళ్ళ క్లినిక్‌లో పనిచేస్తుంటే టెన్షన్ ఇంకో రకం. యజమాని నాన్నగారి స్నేహితుడు, చిన్నప్పటి నుంచి "అంకుల్". ఉద్యోగం ఇచ్చింది ఆయనే, కాంట్రాక్టు అనేదే లేదు, "మన ఇంటి పిల్ల" అన్న మాట తప్ప. ఇక్కడ ఇంటికి వెళ్ళినప్పుడు, భోజనాల దగ్గర డబ్బు విషయం ఎత్తకండి. "అంకుల్, గురువారం మధ్యాహ్నం ఆఫీసులో ఒక అరగంట కావాలి, నా కాంట్రాక్టు గురించి" అని ముందే చెప్పండి. నాన్నగారితో ఫోన్ చేయించకండి. అలా చేయిస్తే మీరు ఉద్యోగి కాకుండా పిల్లగానే మిగిలిపోతారు. "బయటివాళ్ళలా అడుగుతున్నావేంటమ్మా" అంటే, "బయటివాళ్ళకైతే మీరు కాగితం మీద రాసి ఇచ్చేవారు కదా అంకుల్, నాకూ అదే రాసివ్వండి" అనడం తప్పేమీ కాదు.

7. జీతం కాని డబ్బు

జీతం దగ్గర తలుపు మూసుకుంటే ఇవి అడగండి. నియంత్రిత మందులు రాయడానికి కావాల్సిన డీఈఏ రిజిస్ట్రేషన్‌కి మూడేళ్ళకు 888 డాలర్లు అవుతుంది. రెండేళ్ళకోసారి వంద సీఎంఈ (వైద్య విద్య కొనసాగింపు) క్రెడిట్లు చూపించాలి, దానికి డబ్బూ సెలవూ రెండూ కావాలి. మాల్‌ప్రాక్టీస్ ఇన్సూరెన్స్ "క్లెయిమ్స్ మేడ్" రకమైతే (పాలసీ నడుస్తుండగా వచ్చిన కేసులకే వర్తించేది) ఉద్యోగం మానేశాక వచ్చే కేసుల కోసం టెయిల్ కవరేజ్ ఎవరు కొంటారో ముందే రాయించుకోండి. దాని బిల్లు వేలల్లో ఉంటుంది, రాసి లేకపోతే అది మీ నెత్తిన పడుతుంది.

నాన్ కంపీట్ క్లాజ్ (మానేశాక దగ్గర్లో ఇంకో చోట పనిచేయకూడదన్న షరతు) కూడా డబ్బే. అది ఎంత గట్టిగా ఉంటే బేరంలో మీరు అంత బలహీనం. దేశమంతటా వీటిని నిషేధించాలన్న ఎఫ్‌టీసీ (ఫెడరల్ ట్రేడ్ కమిషన్) నిబంధనను 2024 ఆగస్టులో టెక్సస్ ఫెడరల్ కోర్టు కొట్టేసింది, కాబట్టి రాష్ట్ర చట్టమే దిక్కు. కాలిఫోర్నియాలో ఇవి చెల్లవు. మిన్నెసోటాలో 2023 జులై 1 నుంచి రాసుకున్నవి చెల్లవు. టెక్సస్‌లో 2025 సెప్టెంబర్ 1 నుంచి కొత్తగా రాసుకునే, లేదా రెన్యూ చేసుకునే ఒప్పందాల్లో పీఏలకు కూడా పరిమితి వచ్చింది: ఏడాదికి మించకూడదు, ఐదు మైళ్ళ పరిధి దాటకూడదు, డబ్బు కట్టి బయటపడే అవకాశం ఉండాలి, ఆ మొత్తం మీ ఏడాది జీతం దాటకూడదు.

8. కాదంటే

"ఇప్పుడు కుదరదు" అంటే "ఎప్పుడు, ఏ అంకె చేరితే కుదురుతుంది?" అని అడిగి, వచ్చిన జవాబును ఆ సాయంత్రమే ఈమెయిల్‌లో రాసి పంపండి. ఆరు నెలల తర్వాత అదే ఈమెయిల్‌కి రిప్లైగా కొత్త రిపోర్ట్ జత చేయండి. రిపోర్ట్ చూపించడానికే ఒప్పుకోని చోట మాత్రం ఆరు నెలలు ఆగమని నేను చెప్పను.

వెతకడం మొదలుపెడితే కొత్త ఆఫర్ కాగితం మీద సంతకం అయ్యేదాకా రాజీనామా ఇవ్వకండి. పీఏ కాంట్రాక్టుల్లో 60, 90 రోజుల నోటీసు మామూలే. కొత్త చోట లైసెన్స్, ఇన్సూరెన్స్ కంపెనీల క్రెడెన్షియలింగ్ (మీ అర్హతలు చూసి బిల్లింగ్‌కి ఒప్పుకోవడం) పూర్తవడానికి నెలలు పట్టొచ్చు. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్ళకు ఉద్యోగం ఆగాక గరిష్ఠంగా 60 రోజులే గ్రేస్ ఉంటుంది కాబట్టి ట్రాన్స్‌ఫర్ పిటిషన్ ముందు పడాలి. ఆ క్రెడెన్షియలింగ్ ఆలస్యం మీ పాత క్లినిక్‌కి కూడా వర్తిస్తుంది: మీ స్థానంలో వచ్చేవాళ్ళ పేరు మీద బిల్లులు మొదలయ్యేదాకా మీరు తెస్తున్న నెలకు 27,000 డాలర్ల వసూళ్ళు ఆగిపోతాయి. ఆ అంకెను మీ ఒక్క పేజీలో ఆఖరి వరుసగా రాసుకోండి.